పేర్లు లేని పేజీ

(పాఠశాల స్వర్ణోత్సవం సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



మన సంఘం కార్యదర్శి నా క్లాస్‌మేటే. పది రోజుల క్రితం ఫోన్ చేసి, ‘‘నువ్వు ఇంజనీరువి కదరా, సాంకేతిక ప్రగతి మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు’’ అన్నాడు. సరే అన్నాను. ఈలోగా సావనీర్ కమిటీ వాళ్లు స్కూలు పాత రికార్డులు తిరగేస్తుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. అక్కడ ఒక పేజీ దొరికింది. అది చూశాక సాంకేతిక ప్రగతి సంగతి ఇంకెవరైనా చెప్తారులే అనిపించింది. వాడు నన్ను క్షమించాలి.

మన స్కూలు గేటు దాటగానే ఎడమ వైపు గోడకు మూడు శిలాఫలకాలు ఉన్నాయి. మనందరం వాటికి ఆనుకునే టిఫిను డబ్బాలు విప్పాం. మొదటిది 1975లో శంకుస్థాపన రాయి. రెండోది తుఫాను తర్వాత గదులు కట్టినప్పటి దాతల పట్టిక. మూడోది ప్రహరీగోడది. రెండో రాయి మీద పద్నాలుగో పేరు మా తాతయ్యది, పక్కన రెండు వందల రూపాయలు అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ పేరు మీద వేలు పెట్టి స్నేహితులకు చూపించి గొప్పలు పోయేవాణ్ణి. డబ్బు ఇచ్చినవాళ్ల పేర్లన్నీ ఆ రాళ్ల మీద ఉన్నాయి. ఉండాలి కూడా. కానీ డబ్బు కాక మరొకటి ఇచ్చినవాళ్లు కొందరున్నారు. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. నాకు దొరికిన పేజీ వాళ్లదే.

అది 1977 నవంబరు నెల లాగ్‌బుక్కు. అప్పటి హెడ్మాస్టారి దస్తూరి. నీలం సిరా తడిసి అలుక్కుపోయింది. అయినా చదవడానికి వీలుగానే ఉంది. కాలేజీ నుంచి జాతీయ సేవా పథకం విద్యార్థులు ఇరవై ఇద్దరు, ఒక అధ్యాపకుడు వచ్చారని, తొమ్మిది రోజులు పాఠశాలలోనే బస చేశారని, చెట్లు తొలగించి, బావులు శుభ్రం చేసి, పైకప్పు రేకులు ఏరి పేర్చి, బాధితుల జాబితా రాసి వెళ్లారని అయిదు వరుసల్లో రాశారు మాస్టారు. ఇరవై ఇద్దరిలో ఒక్కరి పేరు కూడా లేదు.

మాస్టారిని తప్పుపట్టడం లేదు. ఆ రోజుల్లో ఆయన రాయగలిగిందే ఎక్కువ. ఆ సంగతి ఇక్కడ ఉన్న చిన్నవాళ్లకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. సముద్రం మనిషి ఎత్తుకు మూడింతలు లేచి ఊళ్ల మీదకు వచ్చింది. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. ఆ లెక్క సరికాదని, పోయినవాళ్లు ఇంకా చాలా ఎక్కువని ఆ ప్రాంతంవాళ్లు ఇప్పటికీ అంటారు. మన ఊరు సముద్రానికి కొంచెం ఎగువన ఉంది కాబట్టి ఉప్పెన నీళ్లు మనదాకా రాలేదు. గాలి వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఆ రాత్రి మా అమ్మ నన్నూ చెల్లినీ మంచం కింద పడుకోబెట్టి, తను మంచం కోడు పట్టుకుని కూర్చుంది. తెల్లారి చూస్తే వీధిలో తాటాకు ఇల్లు ఒక్కటి నిలబడలేదు. రెండేళ్ల క్రితం కట్టిన హైస్కూలు రేకులు పక్క పొలంలో పడి ఉన్నాయి. తర్వాతి రెండు మూడు రోజుల్లో దిగువ ఊళ్ల నుంచి జనం నడుచుకుంటూ రావడం మొదలైంది. కట్టుకున్న బట్టలు తప్ప ఏమీ లేనివాళ్లు. కప్పు లేని మన స్కూలు గదుల్లోనే తలదాచుకున్నారు.

ఆ కాలేజీ కుర్రాళ్లు ఒక లారీలో వచ్చారు. చొక్కా జేబుకు చక్రం బొమ్మ ఉన్న బిళ్ల. అది కోణార్క సూర్య దేవాలయం రథచక్రమని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు నాకు అది బస్సు చక్రం. ‘బస్సు బిళ్లోళ్లు’ అని మా పిల్లలం వాళ్లకు పేరు పెట్టాం.

వాళ్లు చేసిన పనుల్లో నేను దగ్గరుండి చూసింది బావి పని. స్కూలు వెనక గిలక బావి మీకందరికీ తెలుసు. ఇప్పుడు పైన పలక వేసి మూసేశారు. ఆ రోజుల్లో సగం ఊరికి అదే మంచినీళ్ల బావి. తుఫాను తర్వాత అందులో ఆకులు, కొమ్మలు, చచ్చిన కాకులు. ముందు రెండు రోజులు చెత్త తీసి నీళ్లు తోడిపోశారు. తర్వాత ఒక కుర్రాడు తాడుకు రాయి కట్టి, ‘‘తమ్ముడూ, ఈ కొస పట్టుకో, వదలకు’’ అని నా చేతికిచ్చాడు. రాయి బావి అడుగుకు తగిలాక పైకి లాగి, తాడు ఎంతవరకు తడిసిందో కొలిచాడు. తర్వాత బావి అడ్డం కొలిచాడు. కాగితం మీద లెక్క వేశాడు. బ్లీచింగ్ పౌడరు తూచి, బకెట్టులో ముద్ద చేసి, నీళ్లు కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు వేరే బకెట్టులోకి వంచి, ఆ బకెట్టును బావిలోకి దించి కిందికీ పైకీ ఆడించాడు. గంటసేపు ఎవరూ తోడకూడదన్నాడు. ఆ గంటా నన్నే కాపలా పెట్టాడు. బిందెలతో వచ్చిన పెద్దవాళ్లను కూడా ‘‘ఇంకా టైం కాలేదు’’ అని నేను ఆపాను. నా జీవితంలో నాకు దొరికిన మొదటి అధికారం అదే.

ఆ లెక్క ఏమిటో నాకు తొమ్మిదో తరగతిలో, మన లెక్కల మాస్టారు స్తూపం ఘనపరిమాణం చెప్పినప్పుడు అర్థమైంది. అడ్డం రెండు మీటర్లు, నీటి లోతు మూడు మీటర్లు అనుకోండి. 3.14ని అడ్డం వర్గంతో, లోతుతో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. అంటే ఈ బావికి ఇరవై నాలుగు గ్రాములు. తుఫాను తర్వాత గనుక ఇంకా ఎక్కువే వేసి ఉంటాడు. క్లాసులో ఆ లెక్క చేస్తుండగా నాకు తాడు, రాయి, తడి గుర్తొచ్చాయి. ‘‘సార్, ఇది బావి లెక్క’’ అని గట్టిగా అన్నాను. మాస్టారు ముందు కోప్పడి, విషయం విన్నాక ఆ పూట క్లాసు మొత్తాన్నీ బావి దగ్గరకు తీసుకెళ్లారు. ఈ సభలో ఉన్న 1984 బ్యాచివాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను తాగునీటి ఇంజనీరును అయ్యానంటే అందులో మాస్టారి వాటా ఎంతో, పేరు తెలియని ఆ కుర్రాడి వాటా కూడా అంతే.

మిత్రులారా, ఆ బిళ్ల వెనక ఉన్న పథకం గురించి నాలుగు మాటలు చెప్తాను. చదువుకునే పిల్లలు దేశసేవ చెయ్యాలా, చేస్తే బలవంతంగానా, ఇష్టపడా అన్న చర్చ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మొదలైంది. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, ఇష్టపడి చేసే సేవే మేలంది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ మాత్రం కాలేజీకి వెళ్లబోయే ప్రతి విద్యార్థికీ కొన్ని నెలల సేవ తప్పనిసరి చెయ్యమంది. ఆ తర్వాత కె.జి. సయ్యదైన్ వివిధ దేశాల పద్ధతులు చూసి వచ్చి, మళ్లీ స్వచ్ఛందమే మంచిదన్నారు. 1964-66 నాటి కొఠారి కమిషన్ కూడా విద్యార్థులను సంఘసేవతో కలపాలంది. చివరికి గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభించారు. మనం ఎన్.ఎస్.ఎస్. అంటాం. ‘నేను కాదు, నువ్వు’ అన్నది దాని నినాదం. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఊళ్లో వారం రోజుల ప్రత్యేక శిబిరం అన్నవి దాని నియమాలు.

దేశ్‌ముఖ్ గారి పేరు రాగానే తెలుగువాళ్లకు దుర్గాబాయమ్మ గుర్తుకు రావాలి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ ఆమెకు పద్నాలుగేళ్లు. టిక్కెట్టు లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దన్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చినా ఆమె పంపలేదు. నిర్వాహకులు పరుగున వెళ్లి టిక్కెట్టు తెచ్చాకే దారి ఇచ్చింది. మనం ఈ కథ ఎప్పుడు చెప్పుకున్నా ఆమె పెద్దయ్యాక అంత గొప్పదయింది కాబట్టి చెప్పుకుంటాం. ఆ రోజు కాకినాడలో నీళ్లు అందించినవాళ్లు, పందిళ్లు ఊడ్చినవాళ్లు, చాపలు పరిచినవాళ్లు కూడా వాలంటీర్లే. తర్వాత గొప్పవాళ్లు కాలేదు కాబట్టి వాళ్ల కథలు మనదాకా రాలేదు. కానీ సభ నడిచింది వాళ్లందరి వల్ల.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది అంత గొప్పగా ఉండదు.

నేను ఇంజనీరింగు చదువుతుండగా ఎన్.ఎస్.ఎస్.లో చేరాను. బిళ్ల చూడగానే చిన్ననాటి లారీ గుర్తొచ్చింది నిజమే. సర్టిఫికెట్టు వస్తుందని చేరిన మాట కూడా నిజమే. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. ఆ శీతాకాలం మా శిబిరంలో పగలు రోడ్డు పని, రాత్రి వయోజనులకు చదువు. ఊరి పేరు చెప్పను. మేము వేసిన రోడ్డు ఫర్లాంగు పొడవు. మట్టి పోశాం, గ్రావెలు పరిచాం, రిబ్బను కట్టాం, ఫొటో దిగాం. రాత్రి లాంతరు వెలుతురులో నాకు అప్పగించిన అయిదుగురిలో కూలిపనికి వెళ్లే ఒకావిడ ఉండేది. మా అమ్మ వయసు. పిన్ని అని పిలిచేవాణ్ణి. ఆమెకు ఒక్కటే కోరిక. కూలి డబ్బులు తీసుకునేటప్పుడు వేలిముద్ర కాకుండా సంతకం పెట్టాలి. ఆమెది ఆరక్షరాల పేరు. అందులో రెండు ఒత్తులు. ఏడో రోజుకు మూడక్షరాలు వచ్చాయి. మర్నాడు పొద్దున మేము మూటలు కట్టుకుని బస్సు ఎక్కుతుంటే వచ్చి నిలబడింది.

‘‘సగం పేరు నేర్పి పోతున్నారేంటి బాబూ? మిగతా సగానికి వేలిముద్ర వెయ్యమంటారా?’’ అంది.

నవ్వుతూనే అంది. మేమూ నవ్వాం. ‘‘మళ్లీ వస్తాం పిన్నీ’’ అన్నాను. వెళ్లలేదు. పరీక్షలు వచ్చాయి, ప్రాజెక్టు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. నా ఫైల్లో సర్టిఫికెట్టు ఉంది. 240 గంటలు పూర్తి చేశానని అందులో ఉంది.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు పని మీద ఆ ఊరి మీదుగా వెళ్లాల్సి వచ్చింది. ఆగి చూశాను. మా రోడ్డు లేదు. రెండు వానలకే కొట్టుకుపోయిందట. పక్క కాలువ తీయకుండా రోడ్డు పోస్తే నీళ్లు రోడ్డు మీదే నడుస్తాయి. అప్పుడు మేము ఇంజనీరింగు విద్యార్థులం, మాకా మాత్రం తట్టలేదు. మేము నాటిన మొక్కల్లో నాలుగు కానుగలు బతికాయి. వాటి కింద అరుగు కట్టుకున్నారు. పిన్ని కోసం అడిగాను. పనికి వెళ్లింది. వచ్చేదాకా ఆగాను. నన్ను గుర్తుపట్టలేదు. శిబిరం గుర్తుంది. సంతకం సంగతి అడిగితే, చెంగున చెయ్యి తుడుచుకుని, నా డైరీలో ఆరక్షరాలూ రాసింది. ఒత్తులతో సహా.

‘‘ఎవరు నేర్పారు?’’ అంటే, ‘‘మీ కాలేజీ అమ్మాయే. ఆదివారం ఆదివారం వచ్చేది’’ అంది.

మా శిబిరంలో ఎనిమిది మంది అమ్మాయిలున్నారు. వాళ్లలో ఒకమ్మాయి మాలో ఎవరికీ చెప్పకుండా, తన డబ్బుతో బస్సెక్కి, రెండున్నర నెలలు ఆదివారాలు వెళ్లి, పిన్నికీ మరో ముగ్గురికీ పేర్లు పూర్తి చేసింది. కాలేజీ నివేదికలో మా రోడ్డు ఉంది, ఫొటోతో సహా. ఆమె ఆదివారాలు లేవు. ఈ మధ్య ఆమెను వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఈ సభలో నీ పేరు చెప్పనా అంటే వద్దంది. ‘‘నాలుగు పేర్లకేగా’’ అంది. అందుకే చెప్పడం లేదు.

నేను ఈ రెండు సంగతులూ పక్కపక్కన ఎందుకు పెడుతున్నానంటే, సేవను గుర్తించడం అంటే శాలువా కప్పడం కాదని నాకు వాటి వల్లే తెలిసింది. గుర్తించాలంటే ముందు చూడాలి. ఏది నిలిచింది, ఏది కొట్టుకుపోయింది, ఎవరి వల్ల నిలిచింది అని వెళ్లి చూడాలి. అలా చూడకుండా పొగిడితే మా ఫర్లాంగు రోడ్డునే పొగుడుతాం. ఆదివారం బస్సెక్కిన అమ్మాయి మనకు కనిపించదు.

ఎన్.ఎస్.ఎస్. అంటే మార్కుల కోసం, ఫొటోల కోసం అనే మాట మీరూ వినే ఉంటారు. నేనే అందుకు సాక్షిని కాబట్టి కాదనను. కానీ ఆ మాట అక్కడితో ఆపేస్తే అన్యాయం. మన దేశంలో పోలియో ఎలా పోయిందో గుర్తు చేసుకోండి. 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఆ ఆదివారాల్లో టెంటు కింద కూర్చుని చుక్కలు వేసిన ఆరోగ్య సిబ్బంది పక్కన, వీధి వీధీ తిరిగి పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లలో, చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టినవాళ్లలో ఈ విద్యార్థులు ఉన్నారు. 2011 జనవరి 13 తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించారు. ఏ పిల్లాడికి పోలియో రాకుండా ఆగిందో ఎవరూ చెప్పలేరు. రానిదానికి ఫొటో ఉండదు కదా. రక్తదాన శిబిరంలో ఇచ్చిన సీసా ఎవరికి ఎక్కిందో ఇచ్చినవాడికి తెలియదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మాస్కులు కుట్టిన పిల్లలకు అవి ఎవరు కట్టుకున్నారో తెలియదు. ఇలాంటి పని చేసేవాళ్ల గురించి మనం తెలుసుకోకపోతే వాళ్లంతట వాళ్లు వచ్చి చెప్పరు.

ప్రభుత్వం తన వంతుగా కొంత చేసింది. పథకానికి ఇరవై అయిదేళ్లు నిండిన సందర్భంగా 1993-94లో జాతీయ స్థాయి పురస్కారాలు పెట్టారు. మంచిదే. అయితే లక్షల మందిలో ఆ పురస్కారం అందేది కొద్దిమందికి. మిగతావాళ్లను గుర్తించాల్సింది ఢిల్లీ కాదు. వాళ్లు పని చేసిన ఊరు. అంటే మనం.

ఇక మన పేజీ సంగతికి వస్తాను. ఆ ఇరవై ఇద్దరి పేర్లు కనుక్కోవాలని బయల్దేరాను. ఆ కాలేజీకి వెళ్లాను. పాత రిజిస్టర్లు లేవు. చెదలు పట్టాయన్నారు. సిబ్బంది మంచివాళ్లు, రెండు బీరువాలు నాతో పాటు వెతికారు కూడా. తర్వాత మన ఊరి పెద్దవాళ్లను అడుగుతూ పోతే ఒక తీగ దొరికింది. తపాలా శాఖలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన అప్పుడు వచ్చినవాళ్లలో ఒకరు. పోయిన నెల ఆయనతో గంటసేపు మాట్లాడాను. బావి లెక్క వేసింది ఆయన కాదు. వేసిన ఆయన ఎవరో చెప్పారు. నాలుగేళ్ల క్రితం పోయారట. నేను కాస్త ఆలస్యంగా బయల్దేరాను.

పెద్దాయన ఒక మాట అన్నారు. ‘‘మా పేర్లెందుకు బాబూ, మేము తొమ్మిది రోజులుండి పోయాం. మీ ఊళ్లో ఇల్లు కూలిన ఒకావిడ, మిగిలిన బియ్యం గంజి కాచి మాకు పోసేది. మాకు పోశాకే తన పిల్లలకు పోసేది. మేము తినం అంటే, బావిలో దిగేవాడికి ఒంట్లో బలం ఉండొద్దా అనేది. రాస్తే ఆమె పేరు రాయండి’’ అన్నారు.

ఆమె పేరు ఆయనకు తెలియదు. మనకూ ఇంకా తెలియలేదు. స్కూలు వెనక వీధి అన్నారు. ఈ సభలో ఆ వీధివాళ్లు ఉన్నారు. మీ ఇళ్లల్లో నానమ్మలను, అమ్మమ్మలను అడగండి. గంజి పోసిన సంగతి ఎవరైనా చెప్పుకుంటూ ఉంటే మాకు చెప్పండి.

పెద్దాయన మాట సగం విన్నాను, సగం వినలేదు. ఆమె పేరు రాద్దామన్నది విన్నాను. వాళ్ల పేర్లు వద్దన్నది వినలేదు. ‘నేను కాదు, నువ్వు’ అని వాళ్లు అనుకోవడం వాళ్ల మర్యాద. ‘మీరే’ అని చెప్పడం మన మర్యాద. ఇద్దరూ ఊరుకుంటే మిగిలేది ఆ పేరు లేని పేజీయే. చివరికి ఆయన ఒప్పుకుని, తనకు గుర్తున్న ఆరు పేర్లు చెప్పారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. పేర్లు సంఘం దగ్గర ఉన్నాయి. వాళ్ల కుటుంబాలను అడిగి, సరే అన్నాకే పైకి చెప్దాం. మిగతా పదహారు ఇంకా తెలియాలి. అప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బైకి దగ్గర. ఈ పని వజ్రోత్సవానికి వాయిదా వెయ్యడానికి లేదు.

అందుకని స్వర్ణోత్సవ సందర్భంగా సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. మూడూ చిన్నవే. ఇంజనీరును కాబట్టి ఖర్చు కూడా లెక్క వేసుకునే వచ్చాను. అభినందన ద్వారం కట్టే డబ్బులో నాలుగో వంతుతో మూడూ అవుతాయి.

మొదటిది, గిలక బావి దగ్గర ఒక పలక. గేటు దగ్గర వద్దు, బావి దగ్గరే. 1977లో ఈ బావి నీళ్లు మళ్లీ తాగేలా చేసినవాళ్లని దొరికిన పేర్లు రాద్దాం. దొరకనివాళ్లకు కింద ఖాళీ ఉంచుదాం. వాళ్లకు అన్నం పెట్టిన మన ఊరివాళ్ల పేర్లు కూడా అదే పలక మీద, అదే సైజు అక్షరాల్లో.

రెండోది, తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీలు. మన మండలంలో ఏ కాలేజీ ఎన్.ఎస్.ఎస్. శిబిరం పెట్టినా, ఆరు నెలల తర్వాత అదే పిల్లలు అదే ఊరికి మళ్లీ వెళ్లి రావడానికి ఖర్చు మన సంఘం పెట్టుకుందాం. నా వృత్తిలో ఒక సంగతి మళ్లీ మళ్లీ చూశాను. ట్యాంకు కట్టడానికి డబ్బు వస్తుంది. ఏటా కడగడానికి రాదు. కట్టిన రోజు అందరూ వస్తారు. కుళాయి కారిన రోజు ఎవరూ రారు. సేవ కూడా అంతే. మళ్లీ వెళ్లినప్పుడు ఆ పిల్లలకు తమ రోడ్డు కొట్టుకుపోయిందని తెలుస్తుంది. కాలువ ఎందుకు తీయాలో తెలుస్తుంది. సగంలో ఆగిన సంతకం పూర్తవుతుంది.

మూడోది, స్కూల్లో ఒక పుస్తకం. మన పిల్లలకు ఎన్.ఎస్.ఎస్. బిళ్ల రావాలంటే ఇంటర్మీడియెట్ దాకా ఆగాలి. సేవకు ఆగక్కర్లేదు. మన స్కూలుకు, మన ఊరికి ఎవరు వచ్చి ఏ పని చేసినా, పేరుతో, తేదీతో, చేసిన పనితో తొమ్మిదో తరగతి పిల్లలు ఆ పుస్తకంలో రాయాలి. ఏడాది తర్వాత ఆ పని నిలిచిందో లేదో పక్క గడిలో వాళ్లే చూసి రాయాలి. నిలవకపోతే నిలవలేదని రాయాలి. పొగడ్త కోసం కాదు, లెక్క కోసం. మొదటి పేజీలో మాస్టారి అయిదు వరుసలు ఉన్నదున్నట్లు ఎక్కిద్దాం.

ఇక్కడున్న మనలో చాలామంది దూరాల నుంచి వచ్చాం. హైదరాబాదు, బెంగళూరు, అమెరికా. వచ్చినప్పుడల్లా స్కూలుకు ఏదో ఒకటి ఇవ్వాలనుకుంటాం. ఇస్తున్నాం కూడా. కంప్యూటర్లు, బెంచీలు, నీళ్ల ఫిల్టరు. వాటి మీద మన పేర్లు రాయించుకుంటున్నాం. నేను ఇచ్చిన ఫిల్టరు మీదా నా పేరుంది. మొన్న చూస్తే క్యాండిల్ మార్చి రెండేళ్లయింది. పేరు మాత్రం మెరుస్తోంది. ఎవరో ఆయా రోజూ దాన్ని తుడుస్తోందట. రేపు ఊరికి వెళ్లేలోపు క్యాండిల్ మార్చి వెళ్తాను. హెడ్మాస్టారు గారు గమనించగలరు.

చివరిగా ఒక్కమాట. ఆ రోజు బావి దగ్గర గంట పూర్తయ్యాక, ఆ కుర్రాడు చేద వేసి మొదటి చెంబుడు నీళ్లు తోడి, తను తాగి, నాకిచ్చాడు. బ్లీచింగ్ వాసన. మొహం చిట్లించాను. ‘‘ఈ వాసన రేపటికి పోతుంది తమ్ముడూ, తాగు’’ అన్నాడు. తాగాను. అతని పేరు అడగాలని తోచలేదు. తొమ్మిదేళ్లవాడికి తోచకపోవడంలో తప్పు లేదు. యాభై ఏడేళ్లవాడు అడక్కపోతే తప్పే. అందుకే అడుగుతున్నాను. మీలో ఎవరికి ఎవరి పేరు తెలిసినా, భోజనాల దగ్గర నన్ను పట్టుకుని చెప్పండి. పెన్నూ పుస్తకమూ తెచ్చుకున్నాను.